పది అడుగుల పిట్‌కి తేలికైన ఫ్రేమ్ కావాలి: పీవీసీ, ఈఎంటీ, అల్యూమినియంలో ఏది?

ఫ్రిస్కో అమ్మ

నమస్తే అండి. మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి స్కూల్లో ఎఫ్ఆర్‌సీ (హైస్కూలు పిల్లలు రోబో కట్టి ఆడే పోటీ) రోబోటిక్స్ టీమ్‌లో ఉంది. టీమ్‌కి ఇది రెండో సీజన్. జనవరిలో కికాఫ్ అయిన దగ్గర్నుంచీ పిల్లలంతా రోబో మీదే పడ్డారు, మెంటర్లకీ ఊపిరి సలపడం లేదు. పిట్ (పోటీ జరిగే చోట రోబోని బాగుచేసుకోవడానికి టీమ్‌కి ఇచ్చే జాగా) సంగతి పేరెంట్స్ చూసుకోవాలన్నారు. పేరెంట్స్ అంటే చివరికి నేనే అని తేలింది. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. డ్రిల్లు పట్టడం వచ్చు, కొలతలు రాసి కోయించుకు రావడం వచ్చు. ఏ పైపు ఎంత బరువు ఆపుతుందో చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

పోయిన సీజన్‌లో ఉన్నది ఇదీ: తెల్ల పీవీసీ పైపులతో నాలుగు స్తంభాలు, పైన చుట్టూ నాలుగు పైపులు, ముందువైపు టీమ్ నంబర్ ఉన్న ఫ్లెక్సీ. నిలబెట్టిన రోజు సాయంత్రం బాగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి ముందు పైపు మధ్యలో ఊయల తాడులా దిగిపోయింది. రోబో కార్ట్ లోపలికి తోసే అబ్బాయి పొడుగు. వచ్చిన ప్రతిసారీ ఫ్లెక్సీని చేత్తో పైకెత్తి దూరేవాడు. దానికి తోడు ఎవరైనా స్తంభానికి చెయ్యి ఆనిస్తే మొత్తం ఫ్రేమ్ పక్క పిట్ వైపు వాలేది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి నవ్వి ఊరుకున్నారు. పైగా ఆ పైపులు, మోచేతి ముక్కలు, టీ ముక్కలు అన్నీ కలిపి మా మినీవ్యాన్ నిండిపోయింది, టూల్ బాక్సులకి ఇంకో కారు తియ్యాల్సి వచ్చింది.

ఈసారి నాకు కావల్సింది ఇంతే. మినీవ్యాన్‌లో సీట్లు మడిచి పెడితే పట్టాలి, ఇంకా చోటు మిగలాలి. లోడ్-ఇన్ రోజు, అంటే సామాను చేర్చే రోజు, లోపలికి రానిచ్చేది కొద్దిమందినే కాబట్టి ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు కలిసి నిచ్చెన లేకుండా నిలబెట్టగలగాలి. మా డిస్ట్రిక్ట్ పోటీలు స్కూల్ జిమ్ముల్లో జరుగుతాయి, అదృష్టం బాగుంటే పెద్ద పోటీకి హ్యూస్టన్ జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్ దాకా వెళ్లాలి, రెండు చోట్లా అదే పనికి రావాలి. ఖర్చు 300 డాలర్లు దాటితే ట్రెజరర్ ఒప్పుకోరు. ఆ ట్రెజరర్ కూడా నేనే.

పాప్-అప్ టెంట్ కొనేయమని ఒకరు, ఎలక్ట్రికల్ పైపులు (ఈఎంటీ) వాడమని ఇంకొకరు అంటున్నారు. మా మెంటర్ గారు "అల్యూమినియం ఉందిగా" అని ఒక్క మాటని వెళ్లిపోయారు. ఎవరైనా కట్టి చూసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ నాన్న

ఫ్రిస్కో అమ్మ గారూ, పీవీసీని అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా న్యూజెర్సీ టీమ్ పిట్ ఇప్పటికీ పీవీసీ మీదే నడుస్తోంది. మీ ఫ్రేమ్‌లో లోపం పైపుది కాదు, దూరానిది. పది అడుగులు మధ్యలో ఏ ఆధారం లేకుండా వదిలేస్తే ఏ ప్లాస్టిక్ అయినా దిగుతుంది. మధ్యలో ఇంకో స్తంభం పెట్టి ఐదడుగులు, ఐదడుగులుగా చెయ్యండి. ఒక అంగుళం బదులు అంగుళంపావు పైపు తీసుకోండి. జిగురు మూలల్లో మాత్రమే వేసి, మిగతావి స్క్రూలతో పట్టించండి, విప్పుకోవచ్చు.

ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, పోటీ జరిగే చోట ఏదైనా విరిగినా దగ్గర్లో ఉన్న ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా ముక్క దొరుకుతుంది. అల్యూమినియం ట్యూబు శనివారం రాత్రి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? పిల్లలు కూడా చేతి రంపంతో కోసేయగలరు.

పాప్-అప్ టెంట్ మాత్రం వద్దు. గొడుగులా విప్పుకునే ఆ స్టీలు ఫ్రేమ్ చాలా బరువు, గుడ్డ కప్పితే మధ్య శిఖరం చాలా మోడళ్లలో పదడుగులు దాటిపోతుంది. పైకప్పు ఉంటే స్ప్రింక్లర్లకి అడ్డం అని కొన్ని హాళ్లలో అసలు ఒప్పుకోరు.

నోవై బాబాయ్

చెల్లెమ్మా, నేను మిషిగన్‌లో కార్ల బాడీ స్ట్రక్చర్లు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. మా దగ్గర వీధికో ఎఫ్ఆర్‌సీ టీమ్ ఉంటుంది, మెంటర్‌గా పిట్లు కూడా చాలానే చూశాను. ముందు లెక్క చెప్తాను, తర్వాత నా గోల.

ఒక అంగుళం షెడ్యూల్ 40 (మామూలు గోడ మందం) పీవీసీ పైపు అడుగుకి సుమారు 0.32 పౌండ్లు. ఒక అంగుళం చదరపు అల్యూమినియం ట్యూబు, గోడ మందం 1/16 అంగుళం ఉన్నది, అడుగుకి 0.27 పౌండ్లు. చూశావా, ప్లాస్టిక్కే బరువు. ఇక గట్టిదనం: పదార్థంగా చూస్తే అల్యూమినియం పీవీసీ కంటే 25 రెట్లు గట్టిది. పీవీసీ పైపు కాస్త లావు కాబట్టి కొంత కలిసొస్తుంది, అయినా ట్యూబుకి ట్యూబు పోలిస్తే పదింతల తేడా ఉంటుంది. పది అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తున్న చదరపు గజానికి 13 ఔన్సులుండే ఫ్లెక్సీ 2.7 పౌండ్లు తూగుతుంది. రెండు చివర్లా మాత్రమే ఆనిన పది అడుగుల పీవీసీకి దాన్ని తగిలిస్తే, పైపు సొంత బరువుతో కలిపి మధ్యలో నాలుగు అంగుళాలకి కాస్త తక్కువగా దిగుతుంది. పీవీసీకి ఇంకో జబ్బుంది, బరువు అలాగే ఉంచితే గంటగంటకీ ఇంకా సాగుతుంది. నీకు సాయంత్రం బాగుండి మర్నాడు దిగింది అందుకే. అదే ఒక అంగుళం అల్యూమినియం ట్యూబు అయితే అంగుళంలో మూడో వంతు దిగి ఆగిపోతుంది. 2×1 ట్యూబుని నిలువుగా, రెండంగుళాల వైపు పైకి ఉండేలా పెడితే అంగుళంలో పదో వంతు కూడా దిగదు. కంటికి కనపడదు.

ఎడిసన్ నాన్న గారు చెప్పింది లెక్క ప్రకారం ముమ్మాటికీ నిజం. దూరం సగం చేస్తే దిగడం 16 రెట్లు తగ్గుతుంది. నాలుగంగుళాలు కాస్తా పావంగుళానికి వస్తుంది. వెనక గోడకి ఆ పని చేసుకోవచ్చు. కానీ ముందువైపు మధ్యలో స్తంభం పెడితే రోబో ఎక్కణ్ణుంచి వస్తుందండీ? బంపర్లు తొడిగిన రోబో, దాని కింద కార్ట్, దాన్ని తోసేవాళ్లు ఇద్దరు. మ్యాచ్‌కి పిలిచినప్పుడు వాళ్లు పరిగెత్తుతారు, చూసి నడవరు.

ఈఎంటీ అంటే ఎలక్ట్రీషియన్లు వైర్లకి వాడే స్టీలు పైపు. ముప్పావు అంగుళం సైజుది అడుగుకి 0.46 పౌండ్లు. గట్టిదనంలో నేను చెప్పిన ఒక అంగుళం అల్యూమినియంతో దాదాపు సమానం, బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చౌక, పదడుగుల పొడవులో ఎక్కడైనా దొరుకుతుంది. టెంట్లకి అమ్మే మూడు దారుల స్టీలు కార్నర్ ముక్కలు దానికి సరిపోతాయి, వేళ్లతో తిప్పే స్క్రూలుంటాయి, పానా కూడా అక్కర్లేదు. డబ్బు ఒక్కటే సమస్య అయితే అదే వాడమంటాను. కానీ ఆ కార్నర్ ముక్కలు కూడా స్టీలే, డబ్బాలో వేసి ఎత్తి చూస్తే తెలుస్తుంది వాటి సంగతి. మీ మెంటర్ అల్యూమినియం ఉందన్నారంటే షాపులో పాత రోబోల ట్యూబు ముక్కలు పడి ఉన్నాయని అర్థం. అది ఉచితం. అందులోంచే మొదలుపెట్టు.

ఇప్పుడు అసలు మాట. నువ్వు ఏ పైపు అని అడిగావు, ముందు వాసం అవసరమా అని నేను అడుగుతున్నాను. నాలుగు స్తంభాలు, పైన నాలుగు వాసాలు అనే పందిరి ఆకారం మనకి అలవాటైపోయింది గానీ పిట్‌కి అది పనికిమాలిన ఆకారం. ముందు వాసం తీసెయ్. వెనక గోడ ఒకటి, రెండు పక్కలా ఐదడుగుల రెక్కలు. పైనుంచి చూస్తే మూడు వైపులు మూసి, ముందు తెరిచిన పెట్టెలా ఉంటుంది. టీమ్ నంబర్ వెనక గోడ మీద, ఐదున్నర అడుగుల నుంచి ఎనిమిది అడుగుల మధ్యలో పెట్టు. కింద ఏం రాసినా రోబో, మనుషులు, టేబుల్ అడ్డం. నంబర్ పైన ఉంటే నడవాలోంచి వచ్చేవాళ్లకి చక్కగా కనిపిస్తుంది. ఎవరి తలా దేనికీ తగలదు.

కొలతలు: ఎనిమిదడుగుల నిలువులు నాలుగు, రెక్కల పైన ఐదడుగులవి రెండు, రెక్కల కింద నేల మీద ఐదడుగులవి రెండు. ఇవన్నీ ఒక అంగుళం ట్యూబు, మొత్తం 52 అడుగులు, 14 పౌండ్ల పైచిలుకు. వెనక పైదూలం 2×1 ట్యూబు, అది నాలుగు పౌండ్లు. ప్లేట్లు, బోల్టులు, ఫ్లెక్సీ వేసుకున్నా 25 పౌండ్ల దగ్గర ఆగుతుంది. అంటే రెండు రోబో బ్యాటరీల బరువు. పదడుగుల వరకు ఎత్తు రూలు ఒప్పుకుంటుంది కదా అని పైకి పోవద్దు, ఎనిమిది దాటితే నిచ్చెన కావాలి. మామూలుగా పిట్ 10×10 అంటారు గానీ స్కూల్ జిమ్ములో చోటు చాలకపోతే తగ్గించి ఇస్తారు. అందుకని వెనక దూలాన్ని నాలుగు, రెండు, నాలుగు అడుగుల మూడు ముక్కలుగా చెయ్. పెద్ద చోటైతే మూడూ, చిన్న చోటైతే మధ్య ముక్క తీసేసి రెండూ. ఈ సీజన్ మాన్యువల్లో ఈవెంట్ రూల్స్ భాగం, ఆ పోటీ వాళ్లు పంపే వివరాల కాగితం రెండూ చదివాకే రంపం పట్టుకో.

ఫ్రేమ్ వాలేది మూలల దగ్గర. ట్యూబు ఎంత గట్టిదైనా, మూలలో ఒకే బోల్టు ఉంటే అది కీలు అవుతుంది, మూల కాదు. ఆరంగుళాల త్రికోణం ప్లేటు, 1/8 అంగుళం మందం, అక్కడ కలిసే ఒక్కో ట్యూబుకి రెండు బోల్టులు. అన్నీ ఒకే సైజు పెట్టు, పావంగుళం బోల్టు, 7/16 పానా ఒక్కటే. రెండు సైజులు ఉంటే రెండోది ఎప్పుడూ హోటల్ గదిలో ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. 1/16 గోడ పల్చన. బోల్టు బిగిస్తుంటే గోడలు లోపలికి నొక్కుకుపోయి ట్యూబు నడుం చిక్కుతుంది, తర్వాత ఎంత బిగించినా వదులుగానే ఉంటుంది. బోల్టు పడే ప్రతి చోటా లోపల 7/8 అంగుళం చెక్క ముక్క కొట్టి, అప్పుడు రంధ్రం వెయ్యి. 2×1 ట్యూబుకి కూడా అదే మందం సరిపోతుంది. ముక్కకి అటూ ఇటూ కాస్త జిగురు రాస్తే రవాణాలో గలగలలాడదు. ప్లేట్ల అంచులు, ట్యూబుల చివర్లు ఆకురాయితో పట్టించి, చివర్లకి ప్లాస్టిక్ మూతలు పెట్టు. సేఫ్టీ చూసేవాళ్లు ముందు వాటినే తడిమి చూస్తారు.

స్టాల్ మాస్టర్, హైదరాబాద్

అక్కా, రోబోల గురించి నాకు తెల్వదు గానీ హైటెక్స్‌లో ఎగ్జిబిషన్లకు స్టాళ్లు కట్టడమే నా పని. మా దగ్గర మామూలు స్టాల్ 3 మీటర్లు ఇంటు 3 మీటర్లు, మీ పిట్ అంతే. ఆక్టోనార్మ్ అని ఎనిమిది పలకల అల్యూమినియం స్తంభాలు, రెండున్నర మీటర్ల ఎత్తు, మీటర్ వెడల్పు ప్యానెళ్లు. ఒక తాళం చెవి లాంటిది తిప్పితే బిగుసుకుంటుంది. మీకు ప్యానెళ్లు బరువు, వద్దు. కానీ పద్ధతి తీసుకోండి.

బాబాయ్ గారు చెప్పిన మూడు గోడల లెక్కే మాది కూడా. ఒంటరి గోడ ఎక్కడా నిలబడదు. దానికి మీటరైనా పక్క గోడ తగలాలి, అప్పుడే మనిషి ఆనుకున్నా కదలదు. మీ రెక్క ఐదడుగులు ఉంది కాబట్టి ఢోకా లేదు. రెక్కలో మాత్రం మూల నుంచి మూలకు ఒక సన్నని స్టీలు తీగ, టర్న్‌బకిల్ (తిప్పితే తీగను బిగించే మర) పెట్టి లాగండి. ఒక్క తీగ ఒక వైపు ఊగడాన్నే ఆపుతది, అందుకే ఎక్స్ లాగా రెండు కట్టాలి. వెనక గోడకు తీగ వద్దు, మీ ఫ్లెక్సీ కింది భాగాన్ని కూడా నిలువులకు గుంజి కడితే ఆ పని అదే చేస్తది.

ఫ్లెక్సీకి జిప్ టైలు వాడకండి. టై సాగదు, ఎవరన్న తగిలితే అంచున తాడు కట్టే రింగు చిరిగిపోతది, ఒకసారి చిరిగిన అంచు ఆ రోజుతో ఆగదు. ఉండ ఉన్న ఎలాస్టిక్ తాళ్లు దొరుకుతాయి, బంజీ బాల్ అంటారు, వాటితో కడితే గుంజుకొని మళ్లీ వెనక్కొస్తది, ఫ్లెక్సీ కూడా డప్పు లెక్క బిగుతుగ ఉంటది. విప్పేటప్పుడు కత్తెర అక్కర లేదు, కింద చెత్త పడదు. ఫ్లెక్సీని ఎప్పుడూ మడవద్దు, ప్రింటు బయటికి ఉండేటట్టు గొట్టానికి చుట్టండి. ప్రింటు లోపలికి చుడితే విప్పినప్పుడు అంచులు ముందుకు ముడుచుకుంటయి.

పెద్ద కన్వెన్షన్ సెంటర్‌కు పోయేటట్టయితే ప్రింటింగ్ షాపులోనే మంట అంటుకోని మెటీరియల్ అని సర్టిఫికెట్ అడగండి. అమెరికాలో ఎన్ఎఫ్‌పీఏ 701 అని పరీక్ష ఉంటది, మా దగ్గరికి వచ్చే విదేశీ ఎగ్జిబిటర్లు ఆ కాగితం వెంట తెచ్చుకుంటరు. పైసలు పెద్దగా తేడా ఉండదు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగాలె.

ఎడిసన్ నాన్న

సరే, ముందు వాసమే లేకపోతే నా మధ్య స్తంభం గొడవే లేదు. ఒప్పుకున్నాను. అయినా రెక్కల్లో ఐదడుగుల ముక్కలకి పీవీసీ చాలదా? అక్కడ మోయాల్సిన బరువు కూడా ఏమీ లేదు.

నోవై బాబాయ్

చాలుతుందండీ, పడిపోదు. కానీ పీవీసీ మూల ముక్కలు, అల్యూమినియం ప్లేట్లు రెండు రకాలూ కలిపితే పిల్లలకి రెండు డబ్బాలు, రెండు పద్ధతులు అవుతాయి. తీగలు గట్టిగా లాగితే పీవీసీ నిలువు విల్లులా వంగుతుంది కూడా. మీరన్న శనివారం రాత్రి మాటకి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. అదనంగా ఒక ఎనిమిదడుగుల ట్యూబు వ్యాన్‌లో వేసుకెళ్లడమే.

బ్యాటరీ ఇన్‌చార్జి

ఆంటీ, నేను పదకొండో తరగతి, కాలిఫోర్నియా టీమ్‌లో పిట్ క్రూ. పెద్దవాళ్లు ఫ్రేమ్ గురించి చెప్పేశారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

రోబో వచ్చాక పిట్ మధ్యలో కార్ట్ మీదే ఉంటుంది. చుట్టూ నాలుగు వైపులా ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చునేంత చోటు కావాలి. టేబుల్ ఒక్కటే, వెనక గోడకి ఆనించి. దాని మీద ల్యాప్‌టాప్, చిన్న స్పేర్ పార్టులు. బ్యాటరీలు రెక్క లోపలి వైపు, ముందు మూలకి దగ్గరగా పెట్టండి. ప్రతి మ్యాచ్‌కి ముందు బ్యాటరీ మార్చాలి, ఒక్కోటి 12 పౌండ్లకి పైనే ఉంటుంది, దాన్ని పట్టుకుని అందరి మీద నుంచీ దాటుకుంటూ రావడం నాకు బాగా అలవాటు, మీ పిల్లలకి వద్దు.

ఫ్రేమ్ కదలకుండా బరువు పెట్టాలంటే కింది ట్యూబు మీద టూల్ బాక్స్ పెట్టి స్ట్రాప్‌తో కట్టండి. బ్యాటరీలని బరువుకి వాడకండి, అవి ఎప్పుడూ వస్తూ పోతూ ఉంటాయి. ఒక టీమ్ అలాగే పెట్టింది, ఎలిమినేషన్స్ (చివరి నాకౌట్ మ్యాచ్‌లు) వచ్చేసరికి బ్యాటరీలన్నీ ఛార్జింగ్‌కో, రోబోలోకో వెళ్లిపోయాయి, ఫ్రేమ్ ఒక్కటే మిగిలింది.

మూలలకి 3డీ ప్రింట్ చేసిన ముక్కలు వాడదామని మీ పిల్లలు కచ్చితంగా అంటారు. పీఎల్ఏ అనే ప్రింటర్ ప్లాస్టిక్‌తో మాత్రం చేయనివ్వకండి. అది 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, టెక్సాస్ ఎండలో తలుపులేసిన కారులో డ్యాష్‌బోర్డు దగ్గర పెడితే అయిపోయినట్టే. పెట్‌జీ అనే ఇంకో రకం ప్లాస్టిక్ పర్వాలేదు. ఇంకా మంచిది, ప్రింటర్‌ని ట్యూబు చివరి మూతలకి, వైర్ క్లిప్పులకి వాడి, బరువు మోసే చోట ప్లేట్లే ఉంచడం. ప్రింట్ చేశాం అన్న సంతోషం వాళ్లకీ ఉంటుంది.

ఇంకోటి, కరెంటు. పిట్‌కి ఇచ్చేది చాలా చోట్ల ఒక్క ప్లగ్గే. పవర్ స్ట్రిప్‌కి ఇంకో పవర్ స్ట్రిప్ తగిలించకూడదు, చూస్తే తీయించేస్తారు. ఛార్జర్లు ముందు, లైట్లు తర్వాత. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ వెనక దూలం కింది వైపు అంటిస్తే టేబుల్ మీద వెలుతురు పడుతుంది, ఫ్లెక్సీ కూడా మెరుస్తుంది. వైరు ట్యూబు లోపలి నుంచే దింపేయొచ్చు, అంకుల్ చెప్పిన చెక్క ముక్కలు అడ్డం రాకపోతే.

జడ్జిలు పిట్‌కి వచ్చినప్పుడు ఫ్రేమ్ గురించి పెద్దగా అడగరు ఆంటీ, రోబో గురించి, టీమ్ గురించి అడుగుతారు. కానీ వాళ్లు నిలబడటానికి ముందు వైపు చోటుండాలి. ముందు వాసం తీసేయమన్నది నాకు అందుకే నచ్చింది.

నోవై బాబాయ్

చెక్క ముక్కలు అడ్డం వస్తాయమ్మా. వైరుని ట్యూబు వెనక వైపు క్లిప్పులతో దింపు. నీ ప్రింటర్‌కి పని దొరికింది.

ఫ్రిస్కో అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న సాయంత్రం మా అమ్మాయితో కలిసి షాపులో చూశాను. ఒక అంగుళం ట్యూబు అడుగు, రెండడుగుల ముక్కలు బోలెడున్నాయి, పొడవువి తక్కువ. 2×1 మాత్రం పాత డ్రైవ్‌ట్రెయిన్ (రోబో చక్రాల చట్రం) ట్యూబులు నాలుగడుగులవి రెండు దొరికాయి, వాటి నిండా అర అంగుళానికో రంధ్రం ఉంది. వాడొచ్చా? నిలువులకి ఎనిమిదడుగులవి కొత్తవి కొంటాను. వెనక సీట్లు మడిచి టేపుతో కొలిస్తే మినీవ్యాన్‌లో ఎనిమిదడుగులు ఏటవాలుగా పడుతోంది.

పిల్లలకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ముందు వాసం లేదనగానే ఒకడు "మరి మన నంబర్ ఎక్కడ?" అని గోల పెట్టాడు. వెనక గోడ మీద, నీ తల కంటే పైన అని చెప్తే ఒప్పుకున్నాడు. వాడే ఆ పొడుగు అబ్బాయి.

ఇంక మిగిలింది ఫ్లెక్సీ. షాపువాళ్లకి రేపటికల్లా సైజు చెప్పాలి. పదడుగుల గోడ కదా అని పదడుగులు చెప్పేదా? స్కూల్ జిమ్ములో ఎనిమిదడుగులే ఇస్తే అప్పుడేం చెయ్యాలి? పైన రింగులా, దూలం దూర్చేలా గొట్టంలా కుట్టించడమా? స్పాన్సర్ల లోగోలు కూడా ఉన్నాయి, అవి పెట్టకపోతే వచ్చే ఏడాది చెక్కు రాదు.

నోవై బాబాయ్

రంధ్రాల ట్యూబు వాడుకో, నీ బరువుకి అది సరిపోతుంది. కాస్త గట్టిదనం తగ్గుతుంది గానీ నేను చెప్పిన పదో వంతు ఇంకొంచెం పెరిగినా నీకు తెలీదు. పైగా అర అంగుళానికో రంధ్రం అంటే బంజీ తాళ్లకి కొక్కేలు ఎక్కడ కావాలంటే అక్కడ. మధ్యలో రెండడుగుల ముక్క ఎలాగూ దొరుకుతుంది. అతుకుల దగ్గర పన్నెండు అంగుళాల ప్లేట్లు రెండు వైపులా వేసి, అతుకుకి అటు రెండు, ఇటు రెండు బోల్టులు.

గొట్టంలా కుట్టించకు. అతుకు ప్లేట్లు, బోల్టు తలలు దూరవు, దూరినా గుడ్డని గీకుతాయి. రింగులే పెట్టించు, పైన రెండడుగులకి ఒకటి, కింద కూడా అలాగే, నాలుగు మూలలకి తప్పకుండా. అంచు మడిచి కుట్టమను, రింగు ఒంటి పొరలో ఉండకూడదు.

సైజు: ఫ్రేమ్ బయటి కొలత పదడుగులు కాదు, 9 అడుగుల 10 అంగుళాలు చేసుకో, గీత దాటిందని ఎవరూ అనరు. చిన్న చోటుకి 7 అడుగుల 10 అంగుళాలు. అంటే రెండు చివరి ముక్కల్నీ బయటి వైపు అంగుళం చొప్పున కొయ్యి. నంబరు, పేరు ఉన్న ప్రధాన ఫ్లెక్సీ 7 అడుగుల 4 అంగుళాల వెడల్పు, 3 అడుగుల ఎత్తు చెప్పు. అది రెండు చోట్లా పడుతుంది, చుట్టూ తాళ్లు గుంజుకోవడానికి చోటు మిగులుతుంది. స్పాన్సర్ల లోగోలు దాని మీద వద్దు. అడుగు వెడల్పు పట్టీలు రెండు విడిగా వేయించు. పెద్ద చోటైతే ప్రధాన ఫ్లెక్సీకి రెండు పక్కలా, చిన్న చోటైతే రెక్కల మీద. ఏటా స్పాన్సర్లు మారినా ఆ పట్టీలే మళ్లీ వేయించుకుంటే సరిపోతుంది, పెద్దది అలాగే ఉంటుంది.

షాపువాళ్లు ఫైల్ అడిగినప్పుడు రింగులు ఎక్కడ పడతాయో చుక్కలు పెట్టి పంపు. లేకపోతే తిన్నగా నంబరు మధ్యలో గుచ్చేస్తారు.